పగ్గం ఎవరి చేతిలో?

మా చెల్లెలు ఫోను చేసిందంటే సాధారణంగా రెండే కారణాలుంటాయి. మానుకోట మిరపకాయలు ఈ యేడు బాగా ఎండాయి, ఎన్ని కిలోలు పంపమంటావని అడగడం ఒకటి. హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతున్న కొడుకు పెళ్లికి ఒప్పుకోవడం లేదని మొరపెట్టుకోవడం రెండోది. ఆ రోజు పొద్దున్నే మోగిన ఫోనులో ఈ రెండు ప్రస్తావనలూ లేవు. "అన్నా, ఒక్కసారి వచ్చిపో" అని మాత్రం అన్నది. గొంతులో తడి ఉంది. నేను మరేమీ అడగలేదు. చొక్కా తగిలించుకుని జనగామ స్టేషనుకు నడిచాను.

జనగామ నుంచి మహబూబాబాదు వెళ్లడమంటే కాజీపేట, వరంగల్లు దాటి, నెక్కొండ, కేసముద్రం మీదుగా పోవడం. కిటికీ దగ్గర చోటు దొరికింది. ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక. ఇలాంటప్పుడు తీరిక దొరికితే చెడ్డ ఆలోచనలే ముందు వస్తాయి గదా! వరంగల్లు చేరేసరికి నా మేనల్లుడి ఉద్యోగం ఊడింది. నెక్కొండ దగ్గర వాడు అప్పులపాలయ్యాడు. కేసముద్రంలో ఎవరో పిల్లను లేవదీసుకుపోయాడు. ఇంటికి వెళ్లి చూస్తే అబ్బాయి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేతికి పిండికట్టు. మెడకు గుడ్డ.

"ఏమిరా, ఎక్కడ పడ్డావు?" అన్నాను.

"పడలే మామా. కూసున్న కాడనే ఇరిగింది" అన్నాడు.

వాడి ఉద్యోగం సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఖరీదైన కార్లు అమ్మే ఒక దుకాణంలో రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. దుకాణమంటే వాడికి కోపం, షోరూము అనాలట. కోటి రూపాయలకు తక్కువ బండి ఆ షోరూములో నిలబడదు. కొనడానికి వచ్చినవారికి బండి గుణగణాలు వర్ణించి చెప్పడం, వారు ముచ్చటపడితే బండిని బయటికి తీసి చేతికిచ్చి, పక్కన కూర్చుని ఒక చుట్టు తిప్పించి తీసుకురావడం వీడి పని. దానిని 'టెస్ట్ డ్రైవ్' అంటారు. మా చెల్లెలు మాత్రం ఇరుగుపొరుగుతో "మావాడు రోజూ కోటి రూపాయల కార్లల్ల తిరుగుతడు" అని చెప్పుకునేది. అబద్ధమేమీ కాదు.

జరిగింది ఇది. ఒక సాయంత్రం ఇరవై రెండేళ్ల కుర్రవాడొకడు వచ్చాడు. వాళ్ల నాన్న బాగా కలిగినవాడని మేనేజరుకు తెలుసు. లైసెన్సు చూపించాడు, నకలు తీసుకున్నారు, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రెండే సీట్లున్న ఆటల కారు. మొదటి రెండు కిలోమీటర్లు కుర్రవాడు పెళ్లికొడుకులా నెమ్మదిగా నడిపాడు. రోడ్డు వెడల్పు కాగానే కాలు నొక్కాడు. "ఎనుక నుంచి ఎవరో తన్నినట్టయింది మామా" అన్నాడు మావాడు. ఎదర ఒక ఆటో మలుపు తిరుగుతోంది. అందులో ఒక ముసలమ్మ, ఇద్దరు బడిపిల్లలు. కుర్రవాడు ఆటోను తప్పించబోయి డివైడరును గుద్దాడు. చక్రం వంకర పోయింది, ముందుభాగం నుజ్జయింది. భయంతో డాష్‌బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టిన మావాడి మణికట్టు విరిగింది. ఆటోలోని వారికి ఏమీ కాలేదు. ముసలమ్మ దిగి నాలుగు తిట్లు తిట్టి, పిల్లలను లెక్కపెట్టుకుని వెళ్లిపోయిందట.

అసలు కథ ఆ తరువాత మొదలైంది. కుర్రవాడి తండ్రి వేరే కారులో వచ్చి, బ్రేకు సరిగా పడలేదని ఒక మాట విసిరి, కొడుకును ఎక్కించుకుని పోయాడు. షోరూమువారికి పెద్ద ఖాతాదారుతో తగవు పెట్టుకోవడం ఇష్టం లేదు. మిగిలింది మావాడు. "పక్కన కూర్చున్నది నీవు. ఆపవలసినది నీవు" అన్నారు. భీమా కంపెనీ ఇవ్వని భాగాన్ని లెక్క తేల్చి జీతంలో పట్టుకుంటామనీ, తేలేదాకా రెండు నెలల జీతం నిలుపుతామనీ, కట్టు విప్పేదాకా ఇంటి దగ్గరే ఉండమనీ చెప్పి పంపారు.

"నేనెట్ల ఆపాలె మామా?" అన్నాడు వాడు. "మెల్లగ సార్, మెల్లగ సార్ అన్న. స్టీరింగు వానిది. పెడల్లు వాని కాళ్ల కిందున్నయి. నా కాళ్ల కింద రబ్బరు పట్ట తప్ప ఏమున్నది?"

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పినవాణ్ణి. ఎలాంటి ప్రశ్నకైనా జవాబు తడుముకోకుండా చెప్పే అలవాటు. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు లేనివాడు చేసే పనే నేనూ చేశాను. కోపం తెచ్చుకున్నాను.

"అసలు ఇలాంటి కార్లు పరీక్షకు ఇవ్వనే కూడదు! కొనదలచినవాడు డబ్బు కట్టి కొనుక్కుని, తన బండిని తానే గుద్దుకోవాలి" అన్నాను.

"బంగారమసొంటి మాట" అన్నది మా చెల్లెలు, చాయ్ గ్లాసు నా చేతికిస్తూ.

చిత్రమేమంటే మావాడు ఒప్పుకోలేదు. చెయ్యి విరిగినవాడే పరీక్ష ఉండవలసిందేనన్నాడు. "పది రూపాయల పుచ్చకాయకు ముక్క కోసి చూపియ్యమంటవు గద మామా! కోటి పెట్టెటోడు ముట్టుకోకుండ ఎట్ల కొంటడు? కొందరికి ఎక్కినంక నడుము నొస్తది. కొందరికి సీటు కిందికున్నదని నచ్చది. మా స్పీడు బ్రేకర్ల మీద అడుగు తాకుతదా లేదా ఎక్కి చూస్తెనే గద తెలిసేది!"

వాడు చెప్పింది నాకు రాత్రి పడుకున్నాక నిజమనిపించింది. మా చిన్నతనంలో కారును పరీక్షించి కొనడమనే మాటే లేదు. 1957లో హిందుస్థాన్ మోటార్స్‌వారు ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారుచేయడం మొదలుపెట్టారు. అది 2014 దాకా అక్కడినుంచి వస్తూనే ఉంది. అంబాసిడరో, ఫియటో కావాలంటే డబ్బు కట్టి పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. వచ్చిన రంగు తీసుకోవాలి. తలుపు సరిగా పడకపోతే గట్టిగా వేసుకోవాలి. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతి తాళాలు అందించినప్పటికి కూడా కొనేవాడే అమ్మేవాడికి దణ్ణం పెట్టే కాలం. అలాంటి దేశంలో ఇవాళ కొనేవాడు "ఒక చుట్టు తిప్పి చూస్తాను" అనగలుగుతున్నాడంటే అది చిన్న హక్కేమీ కాదు. దాన్ని ఒక్క కోపంతో తుడిచేయమనడానికి నాకు నోరు రాలేదు.

పైగా, పరీక్ష లేకుండా కొంటే ఏమవుతుందో మా ఇంట్లోనే ఒకసారి జరిగింది.

నాకు పదేళ్ల వయసప్పుడు మా బాపు అంగడిలో ఒక కోడెను కొన్నాడు. తెల్లగా, మూపురం నిండుగా, కొమ్ములు అచ్చు దించినట్లుండేవి. నోరు తెరిచి పళ్లు చూశాడు: నాలుగు పళ్లు. సుడులు చూశాడు: అన్నీ శుభమే. దళారి తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వేళ్లు నొక్కి, బేరం తెంపాడు. బయానా ఇచ్చి ఇంటికి తోలుకొచ్చారు. మా అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. మర్నాడు నాగలికి కడితే రెండు సాళ్లు పోయి కూలబడింది. తోక మెలిపెట్టినా, బుజ్జగించినా, మా తాత బూతులు తిట్టినా లేవలేదు. అది పడక ఎద్దు. నిలబెట్టి చూస్తే దానంత అందగాడు లేడు. కాడి మెడ మీద పడితే మాత్రం నేల తల్లిని కౌగలించుకునేది. వచ్చే అంగడిలో సగం ధరకు అమ్ముకున్నాం. అప్పటినుంచి మా బాపు, "కాడికి కట్టకుండ ఎద్దును, వండి తినకుండ బియ్యాన్ని కొనొద్దు" అంటుండేవాడు.

కాబట్టి పరీక్ష ఉండాలి. అందరికీ ఉండాలి. మావాడొక మాట చెప్పాడు, అది కూడా ఆలోచించదగ్గదే. లాల్చీ నలిగినవాడు వస్తే తలుపు దగ్గరే ధర చెప్పి పంపేస్తారట. చేతి గడియారం మెరిసినవాడికి తాళాలే ఇస్తారట. 2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక పూలరైతును సరకుల బండి కొనడానికి వెళితే జేబులో పది రూపాయలైనా ఉండవని ఎగతాళి చేశారనీ, ఆయన గంటలోపునే 10 లక్షలు తెచ్చి ముందు పెట్టాడనీ పత్రికలన్నీ రాశాయి. బట్టలు చూసి మనిషిని కొలిచే పద్ధతిలో తప్పు రెండువైపులా ఉంది. రైతుకు అవమానం జరిగింది. మావాడి దగ్గరికి వచ్చిన కుర్రవాడికి గడియారం చూసి గౌరవం దక్కింది. వాడు అంతకుముందు ఇలాంటి బండి నడిపాడా, లేదా అని అడిగినవాడు లేడు.

ఎద్దుకూ ఆటల కారుకూ ఒక తేడా ఉంది. ఆ రాత్రి నిద్రపట్టక కాగితం తీసి లెక్క వేశాను. పాత మేష్టరు జబ్బు వదలదు గదా! ఎడ్లబండి గంటకు 4 కిలోమీటర్లు పోతే, క్షణానికి ఒక మీటరుకు కాస్త పైన. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే క్షణానికి దాదాపు 28 మీటర్లు. ప్రమాదం కంటబడి, మెదడుకు అంది, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఎంత చురుకైనవాడికైనా ఇంచుమించు ఒక క్షణం పడుతుంది. అంటే కాలు కదిలేలోపలే బండి మా బడి ఆవరణ దాటిపోతుంది. ఇంకొకటి. వేగం రెండింతలైతే ఆగడానికి కావలసిన దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. మంచి రోడ్డు మీద 60లో బ్రేకు వేస్తే 20 మీటర్లలో ఆగే బండి, 120లో వేస్తే సుమారు 80 మీటర్లు పోయిగాని ఆగదు. ఈ సూత్రాన్ని వేలమంది పిల్లలచేత బల్లల మీద వల్లె వేయించాను. వాళ్లలో ఎందరికి స్టీరింగు పట్టాక గుర్తుందో!

మామూలు కారు ఆ 100ను అందుకోవడానికి పది పన్నెండు క్షణాలు తీసుకుంటుంది. అంతలో పక్కనున్నవాడు "మెల్లగా" అనవచ్చు, నడిపేవాడు వినవచ్చు. లాంబోర్గినీ హురకాన్ వంటి కారుకు ఆ పనికి మూడు క్షణాలు చాలు. "మెల్లగ సార్" అనే మాట పూర్తయ్యేసరికే పని అయిపోతుంది. పాత మారుతికి ఉన్నవి సుమారు 40 గుర్రాల బలం. ఈ కార్లలో కొన్నింటికి 600 పైచిలుకు. కాని మన లైసెన్సు రెండింటికీ ఒక్కటే. 7,500 కిలోల బరువు లోపలి వాహనమైతే చాలు, అది తేలిక వాహనమే. చట్టానికి బరువు తెలుసు గాని, బలం తెలియదు.

ఇలాంటి కార్లు కొనేవారందరూ నడపాలని కొంటారనే నమ్మకం కూడా నాకు లేదు. చౌమహల్లా ప్యాలెసులో పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఒకటుంది. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి సింహాసనం వంటి ఆసనంతో చేయించమన్నాడు. బండి రాకముందే 1911లో ఆయన పోయాడు. తరువాత ఏళ్ల తరబడి వేడుకలకు బయటికి తీసినా అది తిరిగింది మొత్తం 356 మైళ్లేనంటారు. జనగామ నుంచి హైదరాబాదుకు మూడుసార్లు పోయివచ్చినంత. ఆ కారు కోసం ఎవరి మణికట్టూ విరిగి ఉండదనుకుంటాను.

పరాయి చేతిలో బండి పెట్టడమంటే ప్రమాదం రోడ్డు మీదిదే కానక్కర లేదు. 2024 ఏప్రిల్ 13న హైదరాబాదు శివార్లలో మామిడిపల్లి దగ్గర 2009 నాటి లాంబోర్గినీ ఒకటి నడిరోడ్డున తగులబడింది. యజమాని అమ్మకానికి పెట్టాడు. కొనే మాటల పేరుతో బండిని రప్పించి, డబ్బు తగాదాతో పెట్రోలు పోసి నిప్పుపెట్టారని పోలీసులు చెప్పారు. కోటి రూపాయల బండి కాసేపట్లో బొగ్గయింది. 'చూస్తాను, తెమ్మను' అనే మాట వెనక ఏముందో అమ్మేవాడికి తెలియదు. కనుక అమ్మేవాడి భయం కూడా ఉత్త భయం కాదు.

ఇవన్నీ మావాడితో చెబితే, "ఇయ్యాలంటవా, వద్దంటవా? ఒకటి తెంపు మామా" అన్నాడు.

తెంపలేక భూపాలపల్లిలో ఉన్న మా తమ్ముడికి ఫోను చేశాను. వాడు సింగరేణిలో చాలా ఏళ్లుగా ఓపెన్‌కాస్టు గని మీద డంపరు నడిపే మనిషి. నేనిప్పటికి రెండుసార్లు వెళ్లి చూశాను. 60 టన్నుల డంపరు చక్రం నాకంటె ఎత్తు. నిచ్చెన ఎక్కినట్లు ఎక్కి కూర్చోవాలి. ఒకసారి, "కాసేపు నన్ను నడపనిస్తావా?" అని సరదాకు అడిగితే వాడు నవ్వలేదు. ఆ సంగతి గుర్తుచేసి, ఇప్పుడు అల్లుడి కథంతా చెప్పాను.

"అన్నా, మా తాన పెద్ద సారు వచ్చినా స్టీరింగు ముట్టడు" అన్నాడు. "లారీ లైసెన్సు ఉన్నోడు గూడ ముందుగాల ట్రైనింగు సెంటరుకు పోవాలె. 1966 నుంచి రూలున్నది. అక్కడ నేర్చుకొని, పాతోని పక్కన కూసొని, చేత కాయితం పడ్డంకనే బండి ఎక్కుడు. ఆ కాయితం గూడ ఆ బండికే. ఇంకో రకం బండికి ఇంకో కాయితం. బొగ్గు మోసే బండికే గింత ఉంటే, షోకు బండికి ఏమీ లేదా?"

అప్పుడు నాకు ఇంకొక సంగతి తట్టింది. జనగామలో మా ఇంటి వెనకాల డ్రైవింగు నేర్పే పాత మారుతి ఒకటి తిరుగుతుంటుంది. దాని ఎడమవైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్పేవాడి కాలు ఎప్పుడూ దానిమీదే. అది వారి దయ కాదు. నేర్పే బడుల కార్లకు అలా రెండువైపులా ఏర్పాటుండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోనే ఉంది. గంటకు 30 కిలోమీటర్లు పోయే పిల్లవాడి పక్కన కూర్చునే గురువు కాలి కింద బ్రేకు ఉండాలని ఆలోచించిన మనం, 600 గుర్రాల బండిలో ముక్కూ మొహం తెలియనివాడి పక్కన కూర్చునే మా మేనల్లుడి కాలి కింద రబ్బరు పట్ట వేసి ఊరుకున్నాం.

ఆ నిబంధనలలోనే ఇంకొక మాట ఉంది. ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్న వ్యాపారి, కొనదలచినవాడికి చూపించడానికీ, నడిపి చూడనివ్వడానికీ బండిని రోడ్డు మీదికి తీయవచ్చు. అయితే ఆ పరీక్ష సమంజసంగా ఉండాలన్నారు. సమంజసమంటే ఏమిటన్నది రాయలేదు. ఆ ఖాళీలోనే మావాడి చెయ్యి విరిగింది.

సమంజసమంటే ఏమిటో నాకు మా బాపు కొన్న రెండో ఎద్దు దగ్గర దొరికింది.

పడక ఎద్దును అమ్ముకున్న యేడాదికే మళ్లీ అంగడికి వెళ్లాం. ఈసారి మా బాపు, "బండికి కట్టి చూపియ్యాలె" అని పట్టుబట్టాడు. అమ్మేవాడు ముసలివాడు. సరేనన్నాడు. కాని అంగడి నడుమ, జనంలో కట్టలేదు. ఊరవతల ఎండిన చెరువు శిఖంలోకి తోలుకుపోయాడు. అక్కడ మనిషి లేడు, మేక లేదు. ముందు ఖాళీ బండికి కట్టి తానే తోలాడు. తరువాత నలుగురిని ఎక్కించి తోలాడు. తరువాత ఇసుకలో దింపి గట్టు ఎక్కించాడు. మా పెదబాపు కొడుకు, పదహారేళ్లవాడు, ఉత్సాహం పట్టలేక ముందుకు దూకి పగ్గాలు లాక్కుని ఎద్దు తోక మెలిపెట్టబోయాడు. ముసలాయన వాడి చెయ్యి పట్టుకుని, కోపం లేకుండానే, "కొన్నంక నీ ఇష్టం బిడ్డా. కొనేదాక పగ్గం నా చేతులనే ఉండాలె" అన్నాడు. కడకు, అన్నీ అయ్యాక, మా బాపు చేతికి పగ్గమిచ్చాడు. ఇచ్చి కూడా ముక్కుతాడు మాత్రం తాను పట్టుకుని పక్కనే నడిచాడు. ఆ ఎద్దు మా ఇంట్లో పదకొండేళ్లు బతికింది.

ఆ చదువురాని ముసలాయన చేసినదాంట్లో అంతా ఉంది. పరీక్ష కాదనలేదు. చోటు తాను ఎంచాడు. ముందు తాను నడిపాడు. బరువు మెల్లగా పెంచాడు. పగ్గం ఇచ్చినా ముక్కుతాడు వదల్లేదు. ఏమైనా జరిగితే పోయేది తన ఎద్దే గాని, బాటన పోయే ముసలమ్మ మనుమలు కాదన్న జాగ్రత్త పడ్డాడు. మా జనగామలో ట్రాక్టర్లు అమ్మేవారు ఇప్పటికీ చేసేది ఇంచుమించు ఇదే. రైతు పొలానికే బండి తెస్తారు. వారి మనిషే ముందు ఒక ఎకరం దున్ని చూపిస్తాడు. దున్నేముందు ట్యాంకు నిండా డీజిలు పోసి, దున్నాక మళ్లీ నింపి, ఎంత తాగిందో రైతు కళ్లముందే కొలుస్తారు. ఆ తరువాతే రైతు ఎక్కుతాడు.

కోటి రూపాయల కారుకు ఈ మాత్రం మర్యాద చేయలేమా? వేగమెంతో చూడాలంటే జనం తిరిగే రోడ్డు దానికి చోటు కానేకాదు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీదనైనా గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లే. అంతకు మించి పరీక్షించినవాడు పరీక్షించేది బండిని కాదు, ఎదుటివాళ్ల ఆయుష్షును. ఈ కార్ల కంపెనీలు గ్రేటర్ నోయిడాలో 2011లో కట్టిన బుద్ధ్ సర్క్యూట్ వంటి చోట్ల ఖాతాదారులను పిలిచి, నేర్పేవాణ్ణి పక్కన కూర్చోబెట్టి నడిపించడం ఉన్నదే. కొనేవాడికి సీటు, చూపు, అడుగు ఎత్తు, నడక తెలియాలంటే ఊళ్లో నెమ్మదిగా ఒక చుట్టు చాలు. బలం తెలియాలంటే అలాంటి మూసిన మైదానానికి పోవాలి. కోటి పెట్టేవాడికి అక్కడిదాకా వెళ్లే ఖర్చు ఒక లెక్కా?

ఇక చివరి సంగతి, మా చెల్లెలి గొంతులో తడికి కారణమైన సంగతి. నష్టం ఎవరిది? ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే నష్టం జరిగిందని తేలితేనే జీతంలో కోత పెట్టాలనీ, కోసేముందు అతడు చెప్పుకునేది వినాలనీ 1936 నాటి జీతాల చట్టంలోనూ ఉంది, దాని స్థానంలోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఉంది. పెడలు లేని కాలికి నిర్లక్ష్యం ఎలా అంటుతుంది? ఆ రెండోనాడు సాయంత్రం నేనూ మావాడూ కూర్చుని షోరూముకు ఒక ఉత్తరం రాశాం. జరిగింది జరిగినట్లు రాశాం. లైసెన్సు నకలు, సంతకం పెట్టించిన కాగితం మీ దగ్గరే ఉన్నాయి, అందులో నడిపేవాడి పేరే ఉంది గాని పక్కన కూర్చున్నవాడి పేరు లేదు, చూసుకొమ్మన్నాం. చివర మూడు మనవులు చేర్చాం. మొదటి చుట్టు మా మనిషే నడపాలి. బలం చూపే పరీక్ష రోడ్డు మీద ఉండకూడదు. నష్టమెవరిదో తాళం ఇవ్వకముందే కాగితం మీద తేలాలి, అందులో ఉద్యోగి పేరు ఉండకూడదు. కోపపు మాటలు నేను నాలుగు రాశాను. మావాడు నాలుగూ కొట్టేశాడు. ఉద్యోగం వాడిది గదా!

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఒక నెల జీతం వెంటనే ఇచ్చారు, రెండోది కట్టు విప్పి పనిలో చేరాక ఇచ్చారు. మనవులలో మొదటిది ఒప్పుకున్నారట. రెండోది 'పరిశీలిస్తాం' అన్నారు. మూడోదాని గురించి ఏమీ అనలేదు. ఆ మౌనానికి అర్థం తెలియనంత చిన్నవాణ్ణి కాను నేను.

వెళ్లవద్దని మా చెల్లెలు ఏడ్చింది. మానుకోటలోనే ఏదైనా చూసుకొమ్మన్నది. వాడు వెళ్లాడు. కార్లంటే వాడికి ప్రాణం. అది నేను కాదనలేను. స్టేషనులో రైలెక్కిస్తూ, "పగ్గం ఎవరి చేతులున్నదో చూసుకొని కూసో" అన్నాను. నవ్వాడు.

ఇప్పుడు వాడు రోజూ రాత్రి తల్లికి ఫోను చేస్తాడు. పూర్వం తిన్నావా అని అడిగేది మా చెల్లెలు. ఈ మధ్య నేను వెళ్లినప్పుడు విన్నాను. అన్నం మాట తరువాత అడుగుతోంది. మొదట, "ఇయ్యాల ఎవరి పక్కన కూసున్నవు బిడ్డా?" అంటున్నది.